మే నెలలో ఢిల్లీ టూరా? బ్యాగ్ సర్దే ముందు ఒక్కసారి ఇది చదవండి



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక చాలామంది చెప్పిన మాట ఒకటే. "మేడమ్, ఈ సమ్మర్‌లో పిల్లల్ని ఢిల్లీ, ఆగ్రా తీసుకెళ్తున్నాం. సోషల్ పుస్తకంలో ఉన్నవన్నీ కళ్లారా చూస్తారు." సోషల్ టీచర్‌గా నాకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది? కానీ తేదీలు అడిగితే అందరూ మే 10 నుంచి జూన్ 5 మధ్యే చెప్పారు. తప్పదు కదా. పిల్లలకు సెలవులు అప్పుడే, మీకు లీవు దొరికేదీ అప్పుడే. అందుకే వెళ్లొద్దని చెప్పను. ఎలా వెళ్తే పిల్లలు క్షేమంగా తిరిగొస్తారో చెప్తాను. ఎందుకంటే ఒకసారి నేనే తప్పు చేశాను.

మా అక్క కొడుకు అప్పుడు ఐదో తరగతి. విజయవాడ ఎండల్లో పుట్టి పెరిగినవాడు. "వీడికి ఎండ కొత్తా ఏంటి?" అనుకున్నాం. హోటల్‌లో టిఫిన్ తీరిగ్గా కానిచ్చి, ఎర్రకోట గేటు దగ్గరకు చేరేసరికి పదకొండున్నర అయింది. వాడి ఒంటి మీద చెమట చుక్క కూడా లేదు. అది చూసి "పర్లేదు, ఇక్కడ మన దగ్గరలా జిడ్డు లేదు" అని మేమే మురిసిపోయాం. ముప్పావు గంట తర్వాత వాడు నడవనని మొండికేశాడు. నేను కోప్పడ్డాను కూడా. తర్వాత తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, మాట్లాడటం మానేశాడు. కోట లోపల ఛత్తా చౌక్ అని పైకప్పున్న పాత బజారు ఉంది. వాణ్ణి ఎత్తుకుని అక్కడికి తెచ్చాం. ఒక దుకాణదారు కుర్చీ వేసి, తువాలు తడిపి మెడ మీద వేశాడు. గంటకు తేరుకున్నాడు. ఆ కోప్పడినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పిల్లలు నీరసపడినప్పుడు "నాకు నీరసంగా ఉంది" అని చెప్పరు. చిరాకు పడతారు, మొండికేస్తారు, అంతే.

ఇక అసలు విషయం. ఢిల్లీ ఎండ మన ఎండ లాంటిది కాదు. విజయవాడ, గుంటూరు, విశాఖ వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టి ఒంటి మీదే నిలుస్తుంది, ఉక్కపోస్తుంది. ఆ చిరాకుకే మనం నీడకు పోతాం, నీళ్లు తాగుతాం. ఢిల్లీకి మే నెలలో గాలి రాజస్థాన్ ఎడారి వైపు నుంచి వస్తుంది. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి జాగ్రఫీలో దీని పేరు 'లూ'. పగటిపూట వీచే వేడి, పొడి వడగాలి. ఈ గాలిలో చెమట పట్టిన క్షణమే ఆవిరైపోతుంది. చెమట పోతూనే ఉంటుంది, కంటికి మాత్రం కనిపించదు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోతున్నా మనకు తెలియదు. మేము మురిసిపోయింది దీన్ని చూసే.

దీన్ని పిల్లలకు మట్టి కూజాతో చెప్పండి. కూజా ఉపరితలం మీద ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది కాబట్టి నీళ్లు చల్లబడతాయి. మన ఒళ్లూ అంతే. పొడిగాలిలో కూజా బాగా పనిచేస్తుంది, తేమగాలిలో అంతగా చేయదు. ఢిల్లీలో ఇంటింటికీ కూలర్లు ఉండటానికీ, సముద్రతీరం ఊళ్లలో అదే కూలర్ గదిని ఇంకా ఉక్కగా మార్చడానికీ కారణం ఇదే. అయితే కూజాలో నీళ్లు ఉన్నంతసేపే ఈ పని జరుగుతుంది. నీళ్లు తాగని పిల్లవాడికి ఆ గాలి హెయిర్ డ్రయ్యర్ లాంటిదే.

పైగా పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల బరువుకు చర్మం వైశాల్యం ఎక్కువ. బయటి వేడిని తొందరగా లాగేసుకుంటారు. చెమట పట్టడం పెద్దలకంటే తక్కువ. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం పది రోజులు పైనే కావాలి. మన టూరేమో నాలుగు రోజులు! అంటే అలవాటు పడేలోపే తిరుగు రైలెక్కేస్తాం.

ఫోన్‌లో 44 అని చూసి "మన రామగుండంలోనూ అంతే కదా" అనుకోకండి. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. జాలీ పలకలున్న తెల్లని చెక్కపెట్టెలో, గాలి ఆడేచోట పెట్టిన థర్మామీటర్ అంకె అది. మీ పాప నిలబడేది ఎర్రరాతి పరుపు మీద, నెత్తిన సూర్యుడితో. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అని ప్రకటిస్తారు. 45 చేరితే మామూలు లెక్కతో పని లేదు, అది వడగాలే. ఇంకో మాట. 2024 మే 29న ఢిల్లీ శివారులోని ముంగేష్‌పుర్‌లో 52.9 డిగ్రీలు అని దేశమంతా వార్త వచ్చింది. తర్వాత పరిశీలిస్తే అక్కడి సెన్సర్ సుమారు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిందని తేలింది. వాట్సాప్‌లో వచ్చే అంకె చూసి భయపడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ ఇచ్చే రంగుల హెచ్చరిక చూసుకుంటే చాలు. ఆరెంజ్, రెడ్ ఉన్న రోజు బయటి ప్రోగ్రాములు మార్చుకోండి.

రోజును ఎలా నడపాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. మే చివర్లో ఢిల్లీలో సూర్యోదయం ఐదున్నరకే, సూర్యాస్తమయం ఏడు దాటాకే. పిల్లల్ని ఐదింటికి లేపడం ఎంత కష్టమో నాకు తెలుసు, బడి రోజుల్లో మీరు పడే పాట్లు రోజూ వింటూనే ఉంటాను. అయినా ఈ నాలుగు రోజులు లేపండి. తొమ్మిదిన్నర, మహా అయితే పదికల్లా బయటి నడక ముగించండి. అసలు వేడి మధ్యాహ్నం పన్నెండుకి కాదు, రెండున్నర నుంచి నాలుగు మధ్య. నేల వేడెక్కి, ఆ నేల గాలిని వేడెక్కించడానికి టైమ్ పడుతుంది. కాబట్టి "నాలుగైంది, ఎండ తగ్గింది" అని బయల్దేరకండి. ఐదున్నర దాటాక వెళ్లినా రాళ్లు సెగలు కక్కుతూనే ఉంటాయి.

పొద్దున్నే వెళ్లడానికి నా ఓటు హుమాయూన్ సమాధికి, లోధీ గార్డెన్‌కి. రెండింట్లోనూ చెట్లున్నాయి. హుమాయూన్ సమాధి పక్కనే 2024లో తెరిచిన మ్యూజియం నేలకు దిగువన, పాత దిగుడుబావుల తరహాలో కట్టారు. ఎండ ఎక్కేసరికి దానిలోకి దిగిపోవచ్చు. మధ్యాహ్నానికి నేషనల్ మ్యూజియం, ప్రగతి మైదాన్ దగ్గరి నేషనల్ సైన్స్ సెంటర్, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల సంగ్రహాలయ ఉన్నాయి. చీకటి పడ్డాక ఇండియా గేట్, దాని పక్కనే 2019లో ప్రారంభమైన యుద్ధ స్మారకం. రాష్ట్రపతి భవన్ తోటలు మాత్రం ఆశ పెట్టుకోకండి, అవి మే నెలలో తెరిచి ఉండవు.

సోమవారం ఢిల్లీలో దిగితే సగం టూరు పోయినట్టే. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, అన్నిటికీ ఆ రోజే సెలవు. తాజ్‌మహల్‌కు శుక్రవారం. ఆగ్రాకు పొద్దున ఢిల్లీలో రైలెక్కి వెళ్తే తాజ్ చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఖర్చైనా ముందు రాత్రి ఆగ్రాలో పడుకుని, తెల్లారేసరికి గేటు దగ్గర ఉండండి. పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, ఆ మిగిలిన డబ్బు ఇలా వాడుకోవచ్చు. చెప్పులు విప్పాల్సిన చోట్ల సాక్సులు అనుమతిస్తారేమో అడగండి. ఒక జత మందపాటి సాక్సులు బ్యాగ్‌లో ఉంటే జామా మసీదు ప్రాంగణంలో పిల్లలు గెంతులు వేయాల్సిన పని ఉండదు.

ఈ వేడినే పాఠంగా కూడా మార్చుకోవచ్చు. ఏసీలు లేని రోజుల్లో రాజులు ఎలా బతికారని పిల్లల్ని అడగండి. షాజహాన్ 1638లో మొదలుపెట్టిన ఎర్రకోటలో, అంతఃపుర మందిరాల నడుమ నీటి కాలువ పారేది. దాని పేరు నహర్-ఎ-బిహిష్ట్, అంటే స్వర్గపు కాలువ. ఇప్పుడు నీళ్లు లేవు, పాలరాతి గాడి మాత్రం కనిపిస్తుంది. రాతి జాలీల్లోంచి ఎండ తగ్గి గాలి వస్తుంది. కన్నాట్ ప్లేస్ దగ్గర హేలీ రోడ్డులో అగ్రసేన్ కీ బావోలీ ఉంది. వంద పైచిలుకు మెట్లున్న దిగుడుబావి. కిందికి దిగేకొద్దీ ఒంటికి తగిలే తేడాను పిల్లలనే చెప్పమనండి. ఇక తెల్లదొరలు ఈ వేసవిని తట్టుకోలేక 1864 నుంచి ఏకంగా రాజధానినే వేసవికి సిమ్లాకు మార్చేసేవారు. ఫైళ్లూ గుమాస్తాలూ అన్నీ కొండెక్కాల్సిందే! మా క్లాసులో పిల్లలు పగలబడి నవ్వే పాఠం ఇది.

తిరగడానికి మెట్రో హాయి. ఎర్రకోట, జామా మసీదు, చాందినీ చౌక్, కుతుబ్ మినార్, అన్నిటికీ ఆ పేర్లతోనే స్టేషన్లున్నాయి. మొదటి బోగీ ఆడవాళ్లది, నాన్నగార్లు పొరపాటున ఎక్కకండి. మెట్రో స్టేషన్లలో టాయ్‌లెట్లు ఉంటాయని చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలామంది ఆడపిల్లలు బయట బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. మన స్కూల్ బస్సు ట్రిప్పుల్లోనూ ఇదే చూస్తున్నాను. అమ్మలూ, ఈ సంగతి ముందే మాట్లాడి పెట్టండి. మూడు నాలుగు గంటలకు ఒకసారైనా మూత్రానికి వెళ్తున్నారా, రంగు ముదురు పసుపుగా ఉందా అని గమనించండి. దాహం వేసేదాకా ఆగకుండా, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగించండి.

అక్కడివాళ్లు ఏం తాగుతారో అవే తాగండి. పచ్చిమామిడితో చేసే ఆమ్ పన్నా, మారేడుపండు షర్బత్, ఛాస్ అనే పల్చటి మజ్జిగ. ఐస్ వేయకుండా, శుభ్రంగా ఉన్న చోట చూసి తాగండి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని అక్కడా అంటారు, మన అమ్మమ్మలూ అంటారు. జేబులో ఉల్లిపాయ ఏమీ చేయదు, మజ్జిగన్నంలో నంజుకోండి. మజ్జిగన్నం అంటే గుర్తొచ్చింది, అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఇండియా గేట్‌కు దగ్గరే. మూడో రోజుకు రోటీలు విసుగొచ్చిన పిల్లలు అక్కడ పప్పు, గోంగూర చూసి పండగ చేసుకుంటారు.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు ఇక్కడే మందుల షాపులో కొనుక్కోండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి. లీటరు నీటికని రాసి ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి, గ్లాసులో చిటికెడు కాదు. పంచదార ఎక్కువున్న డబ్బా జ్యూసులకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన భాగం. తలనొప్పి, వికారం, కాళ్ల పిక్కలు పట్టేయడం, అకారణ చిరాకు కనిపిస్తే అక్కడితో ఆ రోజు టూరు ఆపేయండి, టికెట్ డబ్బులు పోయినా సరే. నీడ, తడిగుడ్డ, ఓఆర్ఎస్, విశ్రాంతి. అదే పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే 112కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే ఉండకూడదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పారాసిటమాల్ వేసి ఎదురుచూడకండి. మామూలు జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుతుంది, ఆ మాత్ర దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి వచ్చింది, ఆ మాత్రకు అక్కడ పని లేదు.

తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తుంటే రైలు టికెట్ విషయంలో పొదుపు చేయకండి. నాగ్‌పుర్, భోపాల్, ఝాన్సీ మీదుగా వెళ్లే దారంతా మే నెలలో కొలిమే. 2019 జూన్‌లో ఆగ్రాలో రైలెక్కిన వృద్ధ యాత్రికులు కొందరు ఝాన్సీ చేరేలోపే స్లీపర్ బోగీలో వేడికి చనిపోయారు. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, లూ.

సాయంత్రం పడమర దిక్కు ఉన్నట్టుండి గోధుమరంగులోకి మారితే అది ఆంధీ, దుమ్ము తుఫాను. పిల్లలకు సరదాగా ఉంటుంది గానీ చెట్ల కింద, హోర్డింగుల కింద నిలబడకండి. అది పోయాక నాలుగు చినుకులు పడి, రాత్రికి కాస్త చల్లబడుతుంది. వానాకాలం మొదలైందని పొరబడొద్దు. జూన్ 12న మన బడి తెరిచేసరికి ఇక్కడ తొలకరి పలకరిస్తుంది, ఢిల్లీకి రుతుపవనాలు చేరేది మామూలుగా జూన్ చివర్లోనే.

నా క్లాసు పిల్లలకు ఒక చిన్న హాలిడే వర్క్. ఢిల్లీలో ఉన్న ప్రతి రోజూ ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ ఎంతుందో చూసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వెళ్లనివాళ్లు మన ఊరి అంకెలు రాయండి. బడి తెరిచిన వారంలో రెండూ బోర్డు మీద పక్కపక్కనే గ్రాఫ్ గీద్దాం.