తైలవర్ణ చిత్రలేఖనము: ప్రతి వ్రాయుటయే తొలిపాఠము

పరుల చిత్రమును జూచి వ్రాయుట చౌర్యమని కొందఱందురు. రవివర్మగారి హంసదమయంతిని నేను ప్రతి వ్రాయ బూనినప్పుడు మా యింటను ఈ మాటయే వినవచ్చెను. “స్వయముగా నూహింపలేనివారికి చిత్రలేఖన మేల?” యని మా వారు పరిహసించిరి. నాకప్పు డుత్తరము తోచలేదు. ఎనిమిది మాసములు కుంచె పట్టిన పిదప తోచినది.

రవివర్మగారు (1848–1906) తైలవర్ణములు నేర్చిన విధమును వినుడు. 1868లో థియొడార్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు తిరువనంతపురపు ఆస్థానమునకు వచ్చెను. ఆయన రవివర్మకు బోధింప నిష్టపడలేదు. తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము సమ్మతించెను. ఆ చూపే పాఠమైనది. స్త్రీలకు ఈ మార్గము మఱింత యవసరమయ్యెను. పారిస్ నగరమునందలి ప్రభుత్వ చిత్రకళాశాల 1897 వఱకు స్త్రీలను చేర్చుకొనలేదు. ఎందఱో యువతులు లూవ్రు చిత్రశాలలో పూర్వుల పటముల యెదుట ప్రతులు వ్రాసియే యభ్యసించిరి.

హంసదమయంతి పాశ్చాత్య కళాశాలల పద్ధతిలో మన యితిహాసకథను చూపిన 1899 నాటి చిత్రము. దాని యచ్చుప్రతిపై చదరపు గళ్ళు గీసి, కాన్వాసుపై నట్టి గళ్ళే పెద్దవిగా గీసి, ఒక్కొక్క గడిలోని రేఖలను దించితిని. పిమ్మట గోధుమవన్నె మట్టిరంగును టర్పెంటైనుతో పలుచజేసి వెలుగునీడలను మాత్రము పెట్టితిని. తక్కిన రంగులు ఆపైని.

ఇచ్చట నొక నియమము కలదు. అడుగుపూతలో నూనె తక్కువగాను, పైపూతలో నెక్కువగాను ఉండవలెను. అవిసెనూనె నీటివలె నావిరియై యాఱదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. క్రిందిపొర పచ్చిగా నుండగా పైపొర ముందాఱినచో పగుళ్ళు తప్పవు. తొందరపడి నేను చీరయెఱుపును విపరీతముగా పూయగా, మూడు నెలలలో బీటలు వాఱెను. గీకివేసి మరల మొదలిడితిని.

హంస నన్నింకను కష్టపెట్టినది. తెల్లనిది గదా యని గొట్టములోని తెలుపే పూయగా సున్నపుముద్దవలె నుండెను. కాగితమునకు చిన్న రంధ్రము చేసి, దానిగుండ అచ్చుప్రతిని పరిశీలించితిని. రెక్కల నీడలలో బూడిదవన్నెయే కనబడెను. శుద్ధమైన తెలుపు కొలదిచోట్లనే యున్నది. నలోపాఖ్యానమును బాల్యమునుండి చదివినదాననే. హంసను కంటితో చూచుట మాత్ర మదే మొదలు.

మా నాయనగారు కావ్యము చెప్పునప్పుడు ముందు వల్లెవేయించి, పిదప అన్వయ మడిగెడివారు. వల్లెవేయుటను చౌర్యమని యెవరు ననలేదు. పద్యము నాదని చెప్పుకొన్ననే దోషము. కావున పటము వెనుక “రవివర్మగారి చిత్రమునకు ప్రతి” యని వ్రాసితిని.

గృహిణుల కొక హెచ్చరిక. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. అవి తమంతట వేడెక్కి యంటుకొనవచ్చును. నీటిలో తడిపి యుంచుడు. సీసపుతెలుపు విషము; పిల్లలున్న యింట దానిని వాడకుడు.

మొన్న పెరటిలో ఆఱవేసిన మా వారి తెల్లపంచె మడతలలో లేతనీలపు నీడలు కనబడినవి. ఇన్నేండ్లు ఆ పంచెను ఉతికితిని గాని ఆ నీడల నెఱుగను. ఇప్పుడు దానినే వ్రాయుచున్నాను. అది దేనికిని ప్రతి కాదు. మా వారును పరిహసించుట మానిరి. మీరును మంచి పటము నొకదానిని ముందుంచుకొని కుంచె పట్టుడు.