ఆన్‌లైన్ వ్యాపారంలో కార్డు మోసాలు

ఇతరుల క్రెడిట్ లేదా డెబిట్ కార్డు వివరాలను దొంగిలించి, వాటితో ఇంటర్నెట్ దుకాణాలలో సరుకులు తెప్పించుకోవడాన్ని ఆన్‌లైన్ కార్డు మోసం అంటారు. ఇటువంటి కొనుగోలులో కార్డు వ్యాపారి ఎదుట ఉండదు. దానిపై ఉన్న అంకెలు మాత్రమే అతనికి చేరుతాయి. కనుక ఆ అంకెలు తెలిసిన వారెవరైనా కార్డు యజమానిగా చలామణి కావచ్చు. అమెరికాలో 2015 అక్టోబరు నుండి, చిప్‌ను చదివే యంత్రం లేని దుకాణాలపై నకిలీ కార్డుల నష్టాన్ని మోపడం మొదలైంది. ఆ తరువాత అక్కడి దుకాణాలలో నకిలీ కార్డుల వాడకం తగ్గి, మోసగాళ్ళు ఆన్‌లైన్ వైపు మళ్ళారు.

నష్టం ఎవరికి?

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం అనధికార వాడకానికి క్రెడిట్ కార్డుదారు బాధ్యత 50 డాలర్లకు మించదు. తాను ఆ వస్తువు కొనలేదని కార్డుదారు ఫిర్యాదు చేస్తే, సొమ్ము వ్యాపారి నుండి వెనక్కి పోతుంది. దీనిని చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాలలో ఇటువంటి ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. అంటే అమ్మకం జరిగి మూడు నెలలు గడిచినా వ్యాపారి నిశ్చింతగా ఉండలేడు.

18,000 రూపాయలకు కొన్న ఫోనును 20,000 రూపాయలకు అమ్మే చిన్న వ్యాపారిని ఊహించుకుంటే నష్టం తీవ్రత తెలుస్తుంది. ఒక ఫోను మోసగాడి పాలైతే పోయిన అసలును రాబట్టడానికి మరో తొమ్మిది ఫోన్లు అమ్మాలి. రవాణా ఖర్చు, చార్జ్‌బ్యాక్ రుసుము దీనికి అదనం.

బ్యాంకు ఆమోదానికి అర్థం

"బ్యాంకు ఆమోదించింది కాబట్టి ఆర్డరు సరైనదే" అన్నది కొత్త వ్యాపారులలో తరచుగా కనిపించే భ్రమ. ఆ కార్డు చెల్లుబాటులో ఉందని, దానిలో తగినంత పరిమితి ఉందని మాత్రమే ఆమోదం చెబుతుంది. సరైన హాల్‌టికెట్ నంబరు చెప్పిన వారందరూ ఆ విద్యార్థే కానట్లు, సరైన కార్డు నంబరు ఇచ్చిన వారందరూ దాని యజమానులు కారు.

కార్డు నంబరులోని చివరి అంకె ఒక తనిఖీ అంకె. ఐబీఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ రూపొందించిన సూత్రం ప్రకారం దానిని లెక్కిస్తారు. టైపు చేయడంలో జరిగే పొరపాట్లను ఇది పట్టుకుంటుంది కానీ దొంగను పట్టుకోదు. కార్డు వెనుక ఉండే మూడంకెల సీవీవీని (అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులపై ముందువైపు ఉండే నాలుగంకెలను) చెల్లింపు ఆమోదం పొందిన తరువాత వ్యాపారులు నిల్వ చేయరాదు. అందువల్ల దుకాణాల ఖాతాదారుల జాబితాలను దొంగిలించిన వారికి అది దొరకకపోవచ్చు. నకిలీ వెబ్‌సైటు పెట్టి కార్డుదారు చేతనే అన్నీ టైపు చేయించిన వారికి మాత్రం అదీ దొరుకుతుంది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో చిరునామా తనిఖీ పద్ధతి కూడా ఉంది. ఇది ప్రధానంగా ఇంటి నంబరులోని, పోస్టల్ కోడులోని అంకెలను బ్యాంకు రికార్డుతో పోల్చుతుంది. ఇల్లు మారి బ్యాంకుకు తెలియజేయని నిజాయితీపరుడు కూడా ఇందులో తప్పవచ్చు.

అనుమానించదగిన లక్షణాలు

మోసగాడు వెచ్చించేది తన సొమ్ము కాదు. అతని ప్రవర్తనలోని వింతలు చాలావరకు దీని నుండే పుడతాయి. ధరను పట్టించుకోడు, అన్నిటికంటే ఖరీదైన, వేగవంతమైన రవాణాను ఎంచుకుంటాడు. కార్డుదారు మేలుకొనే లోపు సరుకు చేతికి రావాలి కదా! తిరిగి అమ్మడానికి తేలికైన ఫోన్లు, గిఫ్ట్ కార్డుల వంటివి ఒకే రకంవి అనేకం కోరతాడు. ఒక కార్డు తిరస్కరించబడితే నిమిషాలలో మరొకటి, ఇంకొకటి ప్రయత్నిస్తాడు. సరుకు బయలుదేరాక చిరునామా మార్చమని అడగడం మరొక గుర్తు. బిల్లు కంటే ఎక్కువ సొమ్ము కార్డుపై తీసుకుని, మిగిలినది ఫలానా రవాణా ఏజెంటుకు పంపమని కోరడం దాదాపు ఎప్పుడూ మోసమే.

మిగిలిన లక్షణాలు అంత స్పష్టమైనవి కావు. కార్డు చిరునామా ఒకటి, సరుకు చేరవలసిన చిరునామా మరొకటి కావడాన్ని చాలామంది ప్రమాద సూచనగా భావిస్తారు. కానీ న్యూజెర్సీలో ఉద్యోగం చేసే కుమార్తె విజయవాడలోని తల్లిదండ్రులకు సంక్రాంతికి బట్టలు పంపినా ఆర్డరు అచ్చం అలాగే కనిపిస్తుంది. ఆమెను తిరస్కరించిన దుకాణం ఒక అమ్మకాన్నే కాక, ఒక ఖాతాదారును కూడా పోగొట్టుకుంటుంది. అందుచేత ఒక్క లక్షణాన్ని బట్టి కాక, కొన్ని కలిసి కనిపించినప్పుడే ఆర్డరును ఆపి పరిశీలించడం మంచి పద్ధతి. కొత్త ఖాతా, పెద్ద మొత్తం, అత్యవసర రవాణా, కార్డు దేశంతో పొసగని ఐపీ చిరునామా ఒకేచోట కలిస్తే పరిశీలన అవసరం.

కార్డు పరీక్షలు

దొంగిలించిన వేలాది నంబర్లలో ఏవి పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి మోసగాళ్ళు ఏదైనా చిన్న దుకాణంలో లేదా విరాళాల పేజీలో ప్రోగ్రాముల ద్వారా స్వల్ప మొత్తాలు చెల్లించి చూస్తారు. ఒకే చోటు నుండి వచ్చే ప్రయత్నాలకు పరిమితి విధించడం, క్యాప్చా ఉంచడం దీనికి విరుగుడు.

ఆర్డరు ఆపిన తరువాత

ముందు సొమ్ముకు ఆమోదం మాత్రమే పొంది, పరిశీలన ముగిశాక వసూలు చేసుకునే సౌకర్యం చాలా చెల్లింపు సంస్థలు ఇస్తాయి. ఈ వ్యవధిలో కొనుగోలుదారుకు ఫోను చేయవచ్చు. అయితే ఆర్డరులో ఇచ్చిన నంబరు మోసగాడిదే కావచ్చు. కనుక పాత ఆర్డర్లలోనో, సంస్థ అయితే దాని అధికారిక వెబ్‌సైటులోనో ఉన్న నంబరుకు చేయడం మేలు. అసలైన కొనుగోలుదారు తాను ఏమి కొన్నాడో తడబడకుండా చెప్పగలడు. నమ్మకం కుదరకపోతే సరుకు పంపక ముందే ఆర్డరు రద్దు చేయాలి. వసూలైన సొమ్మును అదే కార్డుకు తిరిగి జమ చేయాలి. వేరే కార్డుకో, బ్యాంకు ఖాతాకో వేయమంటే అంగీకరించరాదు.

3-డి సెక్యూర్, భారతదేశం

కార్డుదారును అతని బ్యాంకే నేరుగా ప్రశ్నించి నిర్ధారించుకునే 3-డి సెక్యూర్ పద్ధతిని వీసా 2001లో ప్రవేశపెట్టింది. ఈ నిర్ధారణ జరిగిన లావాదేవీలో మోసం బయటపడితే నష్టం సాధారణంగా కార్డు జారీ చేసిన బ్యాంకుదే అవుతుంది. భారతీయ రిజర్వు బ్యాంకు 2009 ఆగష్టు 1 నుండి భారత్‌లో జారీ అయిన కార్డుల ఆన్‌లైన్ చెల్లింపులకు అదనపు నిర్ధారణను తప్పనిసరి చేసింది. నేడు సుపరిచితమైన ఓటీపీకి మూలం ఇదే. 2022 అక్టోబరు 1 నుండి కార్డు నంబర్లను వ్యాపారులు నిల్వ చేయరాదన్న నియమం అమలైంది. నంబరుకు బదులు టోకెన్ అనే మారు సంఖ్యను ఉంచుతారు. దానిని దొంగిలించినా మరో దుకాణంలో పనికిరాదు.

ఓటీపీ వచ్చాక మోసగాళ్ళ దృష్టి దుకాణం నుండి కార్డుదారుపైకి మళ్ళింది. బ్యాంకు ఉద్యోగులమని చెప్పి ఓటీపీని రాబట్టే మోసం వ్యాపారి కంటికి కనిపించదు.

కార్డుదారే మోసగాడైతే

సరుకు అందుకున్న అసలు కార్డుదారే తాను కొనలేదని ఫిర్యాదు చేయడమూ ఉంది. దీనిని ముందుగా గుర్తించే లక్షణాలు దాదాపు లేవు. చార్జ్‌బ్యాక్‌ను సవాలు చేయడానికి వ్యాపారికి అవకాశం ఉంటుంది. అప్పుడు అక్కరకు వచ్చేవి సరుకు అందినట్లు సంతకం, ఆర్డరు వచ్చిన ఐపీ చిరునామా, ఈ-మెయిల్ ఉత్తరప్రత్యుత్తరాలు, అదే చిరునామాకు గతంలో వివాదం లేకుండా వెళ్ళిన ఆర్డర్ల వివరాలు. గడువు దాటిన తరువాత సమర్పిస్తే ఇవేవీ పనికిరావు.