ఇగువానాను ఇంట్లో వదులుతున్నారా? ఇల్లంతా కాదు, ఒక గది చాలు

హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లులు, పావురాలతో పాటు ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఇగువానా కూడా కనిపిస్తోంది. పెద్ద సైజు తొండలా ఉండే ఈ జీవి సొంత ప్రాంతం మధ్య, దక్షిణ అమెరికా. కొన్నప్పుడు అరచేతిలో పడుతుంది. కొన్నేళ్లకే తోకతో కలిపి ఐదడుగులు దాటొచ్చు. అప్పటికి గాజు పెట్టె చాలదు. దాంతో చాలామంది తలుపు తీసి ఇల్లంతా తిరగనిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మన ఇల్లు ఇగువానాకు ప్రమాదమే. ఇగువానా వల్ల ఇంట్లోని పసిపిల్లలకూ ప్రమాదమే. రెండింటికీ పరిష్కారం ఒకటే: తిరగడానికి దానికి ఒకే గది ఇవ్వడం, ఆ గదిని ముందే సిద్ధం చేయడం.

వేడి లేకపోతే తిండి అరగదు

ఇగువానా శరీరం మనలా సొంతంగా వేడి పుట్టించుకోలేదు. అది ఎండ కాగే చోట దాదాపు 35 డిగ్రీలు, మిగతా గదిలో పగటిపూట 26 నుంచి 30 డిగ్రీల వేడి ఉండాలి. ఏసీ గదిలోనో, డిసెంబర్‌లో చల్లటి టైల్స్ మీదో గంటల తరబడి తిరిగితే మందకొడిగా మారుతుంది, తిన్నది అరగదు. 2020 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో చలి పెరిగినప్పుడు, చెట్ల మీది నుంచి ఇగువానాలు కింద పడొచ్చని అక్కడి వాతావరణ శాఖే జనానికి చెప్పాల్సి వచ్చింది. చలికి అవి అలా బిగుసుకుపోతాయి.

కిటికీ అద్దం పక్కన కూర్చోబెడితే ఎండ సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఎముకలకు కావాల్సిన యూవీబీ కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది. ప్రత్యేక యూవీబీ లైటు గానీ, నేరుగా తగిలే ఎండ గానీ ఉండాలి. లేకపోతే ఎముకలు మెత్తబడి, చిన్న ఎత్తు నుంచి పడినా విరుగుతాయి. అలాగని మే నెల ఎండలో నీడ లేని బాల్కనీలో కట్టేస్తే ప్రాణానికే ముప్పు.

ఫ్యాన్, కిటికీ, తలుపు

చెట్ల మీద బతికే జీవి కాబట్టి ఇంట్లోనూ పైకే పోతుంది. కర్టెన్ పట్టుకుని ఎక్కి అల్మారా పైకి, అక్కడి నుంచి ఫ్యాన్ దాకా వెళ్లగలదు. అది బయట ఉన్నంతసేపు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. కిటికీకి గ్రిల్ ఉంటే చాలదు, గట్టి జాలీ కావాలి. ప్లగ్గులు, వైర్లు మూసేయాలి. వేడి బల్బుకు చుట్టూ గూడు పెట్టాలి, లేదంటే ఒళ్లు కాలుతుంది. తలుపు వేసే ముందు తోక ఎక్కడుందో చూసుకోవాలి. తోక పట్టుకుని లాగితే ఊడొచ్చు. ఊడితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

నేల మీద పడినవన్నీ నోట్లోకే

కొత్త వస్తువు కనబడితే నాలుకతో తాకి చూడటం దీని అలవాటు. రబ్బరు బ్యాండ్లు, గుండీలు, దారం ముక్కలు, నాణేలు మింగితే పేగుకు అడ్డం పడతాయి. కుట్టు మిషన్ ఉన్న గదిలో అసలు వదలొద్దు. గన్నేరు విషం, మనీ ప్లాంట్ నోటిని మండిస్తుంది. వాటిని తీసేయాలి. దీని తిండి ఆకులు. మునగాకు, మెంతికూర, మందార ఆకులు, గుమ్మడికాయ పెట్టొచ్చు. పాలకూర రోజూ వద్దు, అది క్యాల్షియం ఒంటికి పట్టనివ్వదు. పిల్లలు ముద్దుగా ఖీమా, గుడ్డు పెడుతుంటారు. ఆ మాంసాహారం దాని కిడ్నీలను పాడు చేస్తుంది.

దస్తర్‌ఖాన్ దగ్గరికి రానివ్వొద్దు

ఆరోగ్యంగా కనిపించే ఇగువానా కడుపులో కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. అది మలం ద్వారా ఒంటికి, అక్కడి నుంచి నేలకు అంటుతుంది. మన ఇళ్లలో కింద కూర్చునే తింటాం, పిల్లలు కిందే పాకుతారు. అందుకే వంటగది, దస్తర్‌ఖాన్ పరిచే చోటు, జానమాజ్ ఉండే గది దానికి పూర్తిగా బంద్ చేయాలి. దాని గిన్నెలు వంట సింకులో కడగొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముద్దులు పెట్టొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్లకు సరీసృపాలు తగవని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. నానీ, దాదీ, పాకే బిడ్డ ఒకే ఇంట్లో ఉంటే కొనే ముందే ఈ మాట ఆలోచించాలి.

పెరిగిన మగ ఇగువానా జతకట్టే కాలంలో కరవొచ్చు, తోకతో కొట్టొచ్చు. తల గబగబా ఊపడం, గొంతు కింది చర్మం చాచడం, ఒంటిని పక్కకు తిప్పి పలచగా చేయడం హెచ్చరికలు. అప్పుడు పిల్లలను గది బయటకు పంపాలి.

కనబడకపోతే

ముందు కిటికీలు మూయండి. తర్వాత వెచ్చటి చోట్లు, ఎత్తైన చోట్లు వెతకండి: ఫ్రిజ్ వెనక, అల్మారా పైన, కర్టెన్ రాడ్ మీద. వెనక చూడకుండా ఫ్రిజ్, సోఫా జరపొద్దు. వాషింగ్ మెషిన్‌లో చూశాకే బట్టలు వేయండి.

కాగితాలు ఉన్నాయా?

2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 నిబంధనల ప్రకారం ఇగువానా ఉన్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, వేరేవాళ్లకు ఇచ్చినా తెలపాలి. మన ఉడుము సంగతి వేరు, దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. పెంచలేకపోతే ఇగువానాను పార్కులోనో, చెరువు గట్టునో వదిలేయొద్దు. ఫ్లోరిడాలో అలా వదిలినవి, తప్పించుకున్నవే పెరిగి అక్కడి తోటలకు, కాలువ గట్లకు బెడదగా మారాయి. అటవీ శాఖను సంప్రదిస్తే ఏం చేయాలో చెబుతారు.