చెయ్యి వాస్తే టీబీ వచ్చినట్టేనా?

"ఎవరికీ చెప్పకండి వదినగారూ! వచ్చే నెల పెళ్లిచూపులు" అంటూ కళ్లు తుడుచుకుంది తార్నాకలో మా పక్కవాటా ఆవిడ. వాళ్ల మామగారికి క్షయ అని తేలింది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయికి మోచేతి కింద వేసిన సూది దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రబడింది. అంతే, ఇంటిల్లిపాదీ అన్నం మానేశారు.

అది మాంటూ పరీక్ష. సూది వేశాక 48 నుంచి 72 గంటల లోపు డాక్టరుకి చూపించాలి. కొలవాల్సింది ఎరుపు కాదు, వేలికి తగిలే గట్టి వాపు. మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. అంటే ఒంట్లోకి క్రిమి చేరి ఉండవచ్చని అర్థం, జబ్బు వచ్చిందని కాదు. క్రిమి నిద్రపోతున్నంతకాలం మన నుంచి ఎవరికీ అంటదు. అలాంటి వాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికే ఎప్పటికైనా జబ్బుగా మారుతుంది.

ఇందులో ఓ తిరకాసుంది. పసితనంలో వేసిన బీసీజీ టీకా వల్ల కూడా కొందరికి చెయ్యి వాస్తుంది. మన దేశంలో ఆ టీకా 1948లో మొదలైంది మన మదనపల్లెలోనే! అప్పట్లో ముందు చర్మ పరీక్ష చేసి, వాపు రానివాళ్లకే టీకా వేసేవారు. ఇప్పుడు పుట్టగానే వేస్తున్నాం కనుక ఈ చిక్కు. అందుకే బీసీజీలో లేని రెండు ప్రొటీన్లతో చేసే సై-టీబీ లాంటి కొత్త చర్మ పరీక్షలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వీటిని సిఫారసు చేసింది. ఇందులో గట్టి వాపు 5 మిల్లీమీటర్లుంటే చాలు, పాజిటివే.

అలాగని నెగెటివ్ వస్తే నిశ్చింతగా ఉండటానికీ లేదు. సరైన తిండి లేక నీరసించినవాళ్లలో, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో, క్రిమి ఈమధ్యే చేరినవాళ్లలో వాపు రాకపోవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష, ఎక్స్‌రే తప్పనిసరి.

పక్కింటి అమ్మాయికి వాపు నిజంగానే ఉంది. ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా ఉంది. జబ్బు రాకుండా వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు మాత్రలు వేసుకోమన్నారు డాక్టరు. తల్లేమో పెళ్లిచూపులయ్యాక మొదలుపెడదామంది.

"దాచుకోవడానికి నేనేం తప్పు చేశానమ్మా?" అంది ఆ పిల్ల. అప్పుడే మొదటి మోతాదు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని క్యాంపస్‌కి వెళ్లిపోయింది. మనం పెద్దవాళ్లం, మనకెందుకమ్మా ఇంత భయం?