ఎక్స్‌రే గదిలో నలభై దాటాక

జారిపడి చెయ్యి విరిగిందో లేదో తెలియక ఎక్స్‌రే గదికి పరుగెత్తినవారు మనలో చాలామందే ఉంటారు. అక్కడ ఫిలిం తీసే ఆయనను మనం "డాక్టరుగారూ" అనే పిలుస్తాం. "ఎముక బాగానే ఉందాండీ?" అని ఆత్రంగా అడుగుతాం. ఆయన ముఖంలో ఏ భావమూ కనపడదు. "రిపోర్టు వచ్చాక డాక్టరుగారు చెబుతారమ్మా" అంటారు. తెలియక కాదు. పాతికేళ్ళుగా రోజూ ఎముకలనే చూస్తున్న కళ్ళు అవి. కాని చెప్పడం ఆయన పని కాదు.

ఈ ఉద్యోగిని రేడియోగ్రాఫరంటారు. తెలుగులో మంచి మాట లేదు. "ఛాయాగ్రాహకుడు" అందామంటే పెళ్ళి ఫొటోలు తీసేవాడనుకుంటారు! పేరు సంగతి అలా ఉంచుదాం. ఇంటర్మీడియెట్ కాగానే పిల్లలను మెడికల్ ఇమేజింగ్ డిప్లొమాలోనో, బి.యస్సీ.లోనో చేర్పించే తల్లిదండ్రులు నేడు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. మొదటి జీతమెంత అని అడుగుతారే గాని, నలభై యేళ్ళు వచ్చేసరికి పిల్లవాడు ఎక్కడుంటాడని అడిగేవారు అరుదు.

అందరూ ముందుగా జంకేది కిరణాలకు. దానికి కట్టుబాట్లు ఉన్నాయి. ఛాతీ మీద పెట్టుకునే టి.ఎల్.డి. బ్యాడ్జిని మూడు నెలలకొకసారి పరీక్షకు పంపుతారు. ఒంటికి సోకేది అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదని మన అణుశక్తి నియంత్రణ మండలి నియమం.

నేర్చుకోవడానికీ కొదువ లేదు. 1990 ప్రాంతంలో చేరినవారు చీకటిగదిలో డెవలపరు తొట్టిలో ఫిలిం ముంచి, క్లిప్పులకు ఆరవేసినవారే. తరువాత సి.టి. పట్టుబడింది, ఎం.ఆర్.ఐ. వచ్చింది, ఫిలిం పోయి కంప్యూటరు వచ్చింది. ఒక్క జీతానికి మూడు విద్యలన్నమాట! ఆ నేర్పులో ఆనందం ఉన్నది.

చిక్కల్లా నిచ్చెనతోనే. టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, ఆపైన ఎక్కడో ఒక చీఫ్ కుర్చీ. అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62వ యేట, తెలంగాణలో 61వ యేట రిటైరవుతాడు. నలభైకి పై మెట్టు చేరినవాడు ఇరవై యేళ్ళు అక్కడే నిలబడాలి. విద్య పండేనాటికి దారి ముగుస్తుంది. అసంతృప్తికి జీతం కన్న ఇదే పెద్ద కారణమని నాకు తోస్తుంది.

బ్రిటన్‌లో ఈ చిక్కును విప్పిన తీరు చిత్రమైనది. 1980ల నడుమ అక్కడి ఆస్పత్రులలో, ఫిలింలో ఏదో తేడా ఉన్నదని తోస్తే రేడియోగ్రాఫరు దాని మీద ఒక ఎర్రచుక్క అంటించడం మొదలైంది. మాట లేదు, రాత లేదు, బొట్టంత చుక్క. రాత్రివేళ క్యాజువాలిటీలోని కుర్ర డాక్టరుకు ఆ చుక్కే హెచ్చరిక. డాక్టర్లలో ఎదురు చెప్పినవారు లేకపోలేదు. అయినా రేడియాలజిస్టుల కొరత ఒకవైపు తరుముతూండగా, పై చదువు చదివిన రేడియోగ్రాఫర్లే ఎముకల రిపోర్టులు రాసేదాకా వచ్చింది. 2000 తరువాత కన్సల్టెంటు రేడియోగ్రాఫరనే పదవి కూడా ఏర్పడింది.

మన దేశంలో 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. చదువుకు ఒక కొలత, పేరుకు ఒక రిజిస్టరు అన్నది దాని ఉద్దేశం. రిపోర్టు హక్కు మాట దూరం. కనీసం ఆ ఎర్రచుక్కనైనా రాత్రివేళ రేడియాలజిస్టు లేని మన ఆస్పత్రులలో ఎందుకు అనుమతించరాదు? చుక్క ఖరీదు ఎంత?

ఈలోగా ఎవరి దారి వారు వెతుక్కోవలసిందే. అల్ట్రాసౌండులోకి మారడం బ్రిటన్‌లో మామూలే గాని, గర్భస్థ శిశు లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం వల్ల ఇక్కడ ఆ యంత్రం డాక్టర్ల చేతిలోనిదే. మిగిలినవి: ఎం.ఆర్.ఐ.లో ప్రత్యేక నైపుణ్యం, రేడియేషన్ భద్రతాధికారి పరీక్ష, యంత్రాల కంపెనీలలో శిక్షకుని ఉద్యోగం (దానికి ఊళ్ళు తిరిగే ఓపిక కావాలి), లేదా ఎం.యస్సీ. చేసి పాఠాలు చెప్పడం. చివరిదానికి మనసుపడేవారు ఎక్కువ. కాని నలభై అయిదేళ్ళప్పుడు, అమ్మాయి కాలేజీ ఫీజు ఒకవైపు, రాత్రి డ్యూటీలు ఒకవైపు ఉండగా పుస్తకం పట్టడం మాటలు కాదు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళకే ఇంట్లో అందరూ కూర్చుని, ఏ రెండేళ్ళు దీనికి కేటాయించాలో తేల్చుకోగలిగితే ఆ చదువు సాగుతుంది.