గోడంత తెర, దాని వెనుక చిన్న పెట్టె



2013 నవంబరు 19 ఉదయం బెంగళూరు కార్పొరేషన్ సర్కిల్ దగ్గరి ఏటీఎంలో డబ్బు తీసుకోవడానికి వెళ్ళిన ఒక బ్యాంకు ఉద్యోగిని మీద ఒక దుండగుడు, షట్టర్ దించి మరీ, కత్తితో దాడి చేసి పారిపోయాడు. లోపలి కెమెరా అదంతా రికార్డు చేసింది. అయినా బయటివాళ్ళు గమనించి సాయం చేసేసరికి కొన్ని గంటలు గడిచిపోయాయి. అదృష్టవశాత్తు ఆమె ప్రాణాలు దక్కాయి. నిందితుడు 2017లో మన మదనపల్లెలో పట్టుబడ్డాడు.

రికార్డు చేయడం ఒక పని. జరుగుతుండగానే మనిషి కంటికి చూపించడం మరో పని. ఈ రెండో పనికి వాడే పెద్ద తెరల గురించి, వాటి వెనుక ఉండే వీడియో డీకోడర్ గురించి ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

2013లో ఏర్పాటైన నిర్భయ నిధితో దేశంలో 8 నగరాలకు సేఫ్ సిటీ పథకం వచ్చింది. బెంగళూరు, హైదరాబాదు రెండూ అందులో ఉన్నాయి. బెంగళూరులో పోలీసు కమిషనర్ కార్యాలయ ఆవరణలోని కమాండ్ సెంటరు 2023లో ప్రారంభమైంది. వేలాది కెమెరాల దృశ్యాలు అక్కడికి చేరతాయి. ఇలాంటి చోట్ల ఎన్నో తెరలను పక్కపక్కన పేర్చి ఒకే గోడలా వాడతారు.

అంత దూరం నుంచి దృశ్యం ఎలా వస్తుంది? ఒక చిన్న లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీ చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 25 చిత్రాలు. అన్నీ గుణిస్తే సెకనుకు 124 కోట్ల బిట్లు! సెకనుకు 100 కోట్ల బిట్లు మోసే గిగాబిట్ నెట్‌వర్క్ తీగ ఒక్క కెమెరాకే చాలదు. అందుకని కెమెరా దృశ్యాన్ని కుదించి పంపుతుంది. కదలని గోడను పదేపదే పంపకుండా, మారిన భాగం మీదే ఎక్కువగా దృష్టి పెడుతుంది. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 ఇలా కుదించే పద్ధతులే. వాటితో ఆ 124 కోట్లు సుమారు 40 లక్షలకు దిగివస్తాయి.

ఇది షార్ట్‌హ్యాండు రాత వంటిది. చదవాలంటే అది తెలిసినవాడు కావాలి. ఆ చదివేవాడే డీకోడర్. నెట్‌వర్క్ తీగ గుండా వచ్చిన కుదింపు దృశ్యాన్ని విప్పి, హెచ్‌డీఎంఐ తీగ ద్వారా తెరకు అందిస్తుంది. నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల దాకా లాగవచ్చు. మామూలు హెచ్‌డీఎంఐ తీగ 10, 15 మీటర్లు దాటితే బొమ్మ చెదిరిపోవచ్చు. అందుకే డీకోడర్‌ను తెర పక్కనే పెట్టుకోవాలి.

కొన్ని డీకోడర్లకు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ కూడా ఉంటుంది. దాని ఉపయోగమేమిటి? మన ప్రాంతపు టమాటా మార్కెట్ యార్డునే ఒకదాన్ని ఊహించుకోండి. గేటు దగ్గర కొత్త నెట్‌వర్క్ కెమెరాలు, గోదాములో పాత కెమెరాలకు కట్టిన డీవీఆర్, కాటా గదిలో బరువు చూపే కంప్యూటర్ ఉన్నాయనుకుందాం. డీవీఆర్‌నో, కంప్యూటర్‌నో ఆ ఇన్‌పుట్‌కు కలిపితే, గేటు దాటే లారీ పక్కనే ఆ దృశ్యం కూడా అదే తెర మీద కనిపిస్తుంది. పాత సామాను పారేయనక్కర లేదు. పోలీసు గదుల్లో నగరం మ్యాపును కూడా ఇలాగే గోడ మీదికి తేవచ్చు.

కొనేముందు మూడు సంగతులు అడగండి. ఒకటి, ఒకేసారి ఎన్ని కెమెరాల దృశ్యాలు విప్పగలదు? ఒక 4కె దృశ్యం నాలుగు ఫుల్ హెచ్‌డీ దృశ్యాలకు సమానం. రెండు, ఇన్‌పుట్ ఎంత స్పష్టత దాకా తీసుకుంటుంది? మూడు, కాపీ రక్షణ ఉన్న సెట్‌టాప్ బాక్సు వంటివి కలిపితే తెర నల్లగా ఉండిపోవచ్చు. ఆ సంగతి ముందే తేల్చుకోండి.

మరొక మాట. 4కె తెరను 16 గడులు చేస్తే ఒక్కో గడికి 960, 540 చుక్కలే మిగులుతాయి. నిండు తెరలో చదవగలిగిన బండి నంబరు ఆ గడిలో చదవలేం. అవసరమైన గడిని క్షణంలో పెద్దది చేసుకునే ఏర్పాటు ఉండాలి. కెమెరాకే అందని వివరాన్ని మాత్రం ఎంత పెద్ద తెరైనా పుట్టించలేదు.

తెర ముందు కూర్చునే మనిషి జీతాన్ని కూడా ఖర్చు లెక్కలో కలపండి. అతనికి ఏ గడి ఏ చోటిదో తెలియాలి. ఆపద కనబడితే వెంటనే 112కు ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచాలి. చూసేవారు లేని గోడంత తెర కూడా చివరకు రికార్డు పెట్టెతో సమానమే.