మంచుకొండలు ఆగే గడప

గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరాన, ఆర్కిటిక్ వలయానికి సుమారు 300 కిలోమీటర్ల ఉత్తరంగా ఇలులిస్సాట్ అనే చిన్న ఊరుంది. జనాభా ఐదు వేలకు అటూ ఇటూ. ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసిన చెక్క ఇళ్లు, ఊరి చివర గొలుసులతో కట్టేసిన స్లెడ్జి కుక్కలు, రేవు నిండా చేపల పడవలు. ఆ పడవలకు కాస్త అవతల, మేడల కంటే ఎత్తుగా మంచుకొండలు నిలబడి ఉంటాయి. వాటిని చూడటానికే ఏటా వేలమంది ఇంతదూరం వస్తారు. 2004లో యునెస్కో ఇక్కడి మంచు ఫియోర్డ్‌ను, అంటే నేలలోకి చొచ్చుకుపోయిన ఇరుకైన సముద్రపు పాయను, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడి అందాల్లో అతి ముఖ్యమైనది మాత్రం ఎవరి కంటికీ కనపడదు. అది సముద్రం అడుగున ఉంది. ఫియోర్డ్ ముఖద్వారానికి అడ్డంగా, సుమారు 200 నుంచి 250 మీటర్ల లోతున, రాళ్లూ మట్టీ పేరుకున్న పెద్ద గట్టు అది. మంచుయుగం ముగిసే కాలంలో హిమానీనదం ఇక్కడిదాకా వచ్చి చాలాకాలం ఆగిపోయింది. దారిపొడవునా గీక్కుంటూ తెచ్చిన బండలనూ రాతిపిండినీ తన ముందు కుప్పపోసింది. తర్వాత హిమానీనదం వెనక్కి తగ్గింది, కుప్ప అక్కడే మిగిలింది. ఇలాంటి కుప్పను భూగర్భ శాస్త్రవేత్తలు మొరేన్ అంటారు. గట్టుకు లోపలివైపు ఫియోర్డ్ లోతు ఇంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది.

ఇంటికి గడప ఎలాగో ఈ ఫియోర్డ్‌కు ఆ గట్టు అలాగ. లోపలి మంచుకొండ ఏదైనా సరే, దీన్ని దాటాకే బయటి సముద్రంలో పడాలి. హిమానీనదపు మంచు సాంద్రత సముద్రపు నీటి సాంద్రతలో దాదాపు తొమ్మిది పదో వంతులు. అందుకే మంచుకొండలో పదింట తొమ్మిది వంతులు నీళ్లలోనే మునిగి ఉంటాయి. మునిగిన భాగం 250 మీటర్ల కంటే లోతుకు దిగితే గట్టుకు తగిలి అక్కడే కూరుకుపోతుంది. అలా కూరుకున్న కొండలు కరిగో, విరిగో, వెనకనుంచి వచ్చే మంచు ఒత్తిడికి జరిగో బయటపడేవరకు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. ప్రపంచంలో మంచుకొండలను పుట్టించే తీరాలు ఇంకా ఉన్నాయి. ఇంతటి కొండలను ఊరి గుమ్మం ముందు నిలబెట్టి చూపించే చోటు మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే. ఆ ఘనత గట్టుదే.

గట్టు దాటినవి నేరుగా దక్షిణానికి వెళ్తాయనుకుంటాం. కానీ తీరం వెంబడి సాగే ప్రవాహం వాటిని ముందు ఉత్తరానికి, బాఫిన్ అఖాతంలోకి తీసుకెళ్తుంది. అక్కడినుంచి కెనడా వైపు తిరిగి, లాబ్రడార్ ప్రవాహంతో దక్షిణానికి దిగుతాయి. అట్లాంటిక్ ఓడల దారికి చేరేసరికి ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. 1912లో టైటానిక్ ఢీకొన్న మంచుకొండ గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలోనే పుట్టి ఉంటుందని అంచనా. ఆ చర్చలో అందరికంటే ఎక్కువగా వినపడే పేరు ఇలులిస్సాట్.

ఈ కొండలను పంపే హిమానీనదం పేరు సెర్మెక్ కుయాల్లెక్. ఊళ్లోనుంచి అది కనిపించదు. దాని అంచు ఫియోర్డ్ లోపలికి పదుల కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్రీన్‌లాండ్‌ను కప్పిన మంచు పలకలో సుమారు ఆరున్నర శాతం ప్రాంతపు మంచు ఈ ఒక్క దారిలోనే సముద్రానికి చేరుతుంది. ఏటా 35 ఘన కిలోమీటర్లకు పైగా మంచు ఇక్కడ విరిగి పడుతుందని లెక్క. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే, అంత మంచు కరిగితే సుమారు 1,100 టీఎంసీల నీరు. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది 811 టీఎంసీలు. ఒక్క హిమానీనదం ఏడాదిలో సముద్రంలో పడేసే మంచు అంతకంటే ఎక్కువ.

గట్టి మంచు పారడమేమిటని సందేహం రావచ్చు. పడిన మంచు మీద మంచు పడి, కింది పొరలు నొక్కుకుపోయి గట్టి మంచుగా మారతాయి. మందం వందల మీటర్లు దాటాక, ఆ బరువుకు మంచు విరగకుండానే సాగి నెమ్మదిగా పల్లానికి జరుగుతుంది. దానికి తోడు అడుగున రాతికీ మంచుకూ మధ్య కరిగిన నీరు చేరి జారుడు పెరుగుతుంది. సెర్మెక్ కుయాల్లెక్ కింద ఉన్న కాలువ సముద్ర మట్టానికి కిలోమీటరు పైచిలుకు లోతున్న కనుమ. చుట్టుపక్కల మంచంతా ఆ ఇరుకు దారిలోకే దిగుతుంది కాబట్టి వేగం ఎక్కువ. 2012 వేసవిలో అది రోజుకు 46 మీటర్ల వేగంతో కదిలింది. అంటే గంటకు దాదాపు రెండు మీటర్లు. హిమానీనదాల్లో అది అసాధారణమైన వేగం.

2008 మే 28న ఈ హిమానీనదం అంచు 75 నిమిషాలపాటు విరిగి పడుతుండగా ఒక చిత్ర బృందం మొదటినుంచి చివరిదాకా కెమెరాలో బంధించింది. ఆ ఒక్క పూటలో 7.4 ఘన కిలోమీటర్ల మంచు పోయింది. 2012లో వచ్చిన ‘చేజింగ్ ఐస్’ చిత్రంలో ఆ దృశ్యం ఉంది. తప్పక చూడండి. గ్రీన్‌లాండ్‌లో ఇంత పెద్ద ఖండాలు తలకిందులయ్యేటప్పుడు హిమానీనదాన్ని క్షణకాలం వెనక్కి నెడతాయి. ఆ అదురు సుమారు 5 తీవ్రత గల భూకంపంలా దూరదేశాల్లోని పరికరాల్లో కూడా నమోదవుతుంది.

ఊరి దక్షిణపు అంచునుంచి ఫియోర్డ్ ఒడ్డుకు చెక్కలు పరిచిన నడకదారి ఉంది. దారి మొదట్లో 2021లో తెరిచిన ఐస్‌ఫియోర్డ్ సెంటర్ పైకప్పు మీదికే ఎక్కి నడవచ్చు. దారికి రెండువైపులా చిత్తడి నేల, పత్తిపువ్వులాంటి తెల్లటి కుచ్చులు తొడిగిన గడ్డి, మధ్యమధ్య నైస్ అనే రాతి నున్నటి బండలు. ఆ బండల మీద ఒకసారి వంగి చూడాలి. ఉలితో గీసినట్టు అన్నీ ఒకే దిక్కుకు సాగే సన్నటి గీతలు కనిపిస్తాయి. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు ఈడ్చుకుపోతూ గీసినవి అవి. ఒకప్పుడు మంచు ఏ దిక్కుకు పారిందో ఆ గీతలే చెబుతాయి. ఒడ్డున దొరికే చిన్న మంచుముక్కను చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు వినిపిస్తాయి. వేల ఏళ్ల కిందట మంచు పడినప్పుడు మధ్యలో చిక్కి, తర్వాత బరువుకు నొక్కుకుపోయిన గాలి బుడగలు మంచు కరిగేకొద్దీ పగిలే చప్పుడు అది. బుడగలు నిండుగా ఉంటే మంచు తెల్లగా కనపడుతుంది. పగుళ్లలోకి దిగిన నీరు బుడగల్లేకుండా తిరిగి గడ్డకడితే, ఎరుపు కాంతిని మంచే మింగేసి నీలం మాత్రమే బయటికి వస్తుంది. తెల్లకొండ మీద ముదురు నీలపు చారలు కనిపించేది అందుకే.

ముక్క ఏరుకోవాలని నీటి అంచుకు మాత్రం దిగకూడదు. అక్కడ హెచ్చరిక బోర్డులున్నాయి. మంచుకొండ విరిగినా, దొర్లినా లేచే అలలు ఒడ్డును ఒక్కసారిగా ముంచెత్తుతాయి. గాలి లేని రోజున, సముద్రం అద్దంలా ఉన్నప్పుడు కూడా ఆ అల రావచ్చు. పైనున్న బండల మీదనుంచి చూస్తే దృశ్యం ఏమీ తగ్గదు.

ఈ దారి చేరే పచ్చిక లోయ పేరు సెర్మెర్మియుట్. నాలుగు వేల ఏళ్లకు పైబడి సక్కాక్, డోర్సెట్, థూలే అనే మూడు సంస్కృతుల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇక్కడ బతికారు. చివరి కుటుంబాలు ఊళ్లోకి తరలింది 1850 ప్రాంతంలో. వాళ్లు పారేసిన సీల్ ఎముకలు, విరిగిన పనిముట్లు, చెక్కముక్కలు గడ్డకట్టిన నేలలో పొరలు పొరలుగా ఉన్నాయి. ఆ చలిపెట్టె ఎంత నమ్మకమైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఊరి ముందున్న డిస్కో అఖాతం ఒడ్డునే మరోచోట దొరికిన సుమారు నాలుగు వేల ఏళ్లనాటి వెంట్రుకల కుచ్చునుంచి ఒక సక్కాక్ పురుషుడి జన్యుక్రమాన్ని శాస్త్రవేత్తలు 2010లో వెలువరించారు. ఒక ప్రాచీన మానవుడి జన్యుక్రమం దాదాపు పూర్తిగా తెలియడం అదే మొదటిసారి. ఆయన పూర్వీకులు సైబీరియానుంచి వచ్చారనీ, ఇప్పుడు ఇక్కడ ఉండే ఇన్యూట్ జనానికి నేరుగా పూర్వీకులు కారనీ దానితో తేలింది. ఇప్పుడు నేల వెచ్చబడి ఆ పొరలు కుళ్లిపోవడం మొదలైంది. మంచు పోతోందని అందరూ బాధపడతారు. మట్టిలో ఉన్న ఈ గ్రంథాలయం పోతున్న సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. నన్ను ఎక్కువగా కలచేది ఇదే.

సముద్రంలోని జీవం కూడా హిమానీనదం మీదే ఆధారపడి ఉంది. వేసవిలో కరిగిన మంచినీరు హిమానీనదం అడుగునుంచి, లోతైన నీటిలోకి పొంగుతుంది. మంచినీరు తేలిక కాబట్టి పైకి లేస్తుంది. లేస్తూ లేస్తూ లోతుల్లోని పోషకాలున్న ఉప్పునీటిని కూడా తనతో మోసుకొస్తుంది. వెలుతురు తగిలే పైపొరలో ఆ పోషకాలతో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని తిని రొయ్యలు, చిన్న చేపలు, వాటికోసం సీల్‌లు, వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు. శీతాకాలం చివర్లో, వసంతంలో బోహెడ్ తిమింగలాలు డిస్కో అఖాతానికి వస్తాయి. అవి రెండు వందల ఏళ్లకు పైగా బతకగలవు. ఊరి బతుకంతా ఫియోర్డ్ లోతుల్లో దొరికే హాలిబట్ చేప మీదే. చలికాలంలో గడ్డకట్టిన సముద్రం మీద కుక్కల బండిపై వెళ్లి, మంచుకు రంధ్రం చేసి, పొడవాటి తాడుకు వందల గాలాలు కట్టి దింపేవారు. ఇప్పుడు చాలా చలికాలాల్లో ఆ మంచు నమ్మకంగా గట్టిపడటం లేదు. పడవల వాడకం పెరిగింది. గ్రీన్‌లాండ్‌లో స్లెడ్జి కుక్కల సంఖ్య ఈ శతాబ్దంలో సగానికి పడిపోయింది.

సమయం ఉన్నవాళ్లు ఉత్తరాన ఎకి హిమానీనదానికి పడవలో వెళ్తారు. అక్కడ మంచు గోడ విరిగి పడటాన్ని సురక్షితమైన దూరంనుంచి కళ్లారా చూడవచ్చు. అఖాతానికి అవతల డిస్కో దీవి ఉంది. బల్లపరుపు శిఖరాల ఆ కొండలు సుమారు ఆరు కోట్ల ఏళ్లనాటి లావా పొరలు. వికారాబాద్ వైపు నల్లరాతి గుట్టలను చూసినవాళ్లకు ఆ రాయి కొత్త కాదు. రెండూ బసాల్టే. మే చివరినుంచి జులై మూడో వారం దాకా ఇక్కడ సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి వాలు వెలుతురులో మంచుకొండలు గులాబి రంగుకు తిరుగుతాయి. నవంబరు చివర అస్తమించిన సూర్యుడు జనవరి 13న మళ్లీ తొంగిచూస్తాడు. ఆ రోజు ఊరంతా దగ్గర్లోని గుట్ట ఎక్కి స్వాగతం పలుకుతుంది.

మళ్లీ గడప దగ్గరికి వద్దాం. లోపలి మంచును ఆపేది అదే, బయటి నీటిని లోపలికి రానిచ్చేదీ అదే. డిస్కో అఖాతంలో పైపొర చల్లగా ఉన్నా, అడుగున అట్లాంటిక్‌నుంచి వచ్చిన, ఉప్పు ఎక్కువ కలిగిన కాస్త వెచ్చని నీరు ఉంటుంది. ఆ నీటి మట్టం గట్టు ఎత్తును దాటితే ఫియోర్డ్‌లోకి పొర్లి, అడుగునే ప్రవహించి హిమానీనదాన్ని కిందనుంచి కరిగిస్తుంది. 1997లో అలాంటి వెచ్చని నీరు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే, ఫియోర్డ్‌లో తేలుతూ హిమానీనదానికి ఊతంగా ఉన్న సుమారు 15 కిలోమీటర్ల మంచు నాలుక ముక్కలైపోయింది. వేగం దాదాపు రెట్టింపయింది. 2016 తర్వాత అఖాతంలో నీరు చల్లబడింది. హిమానీనదం నెమ్మదించి, కాస్త ముందుకు పెరిగింది కూడా. దాన్ని చూపి ప్రమాదం తప్పిందన్నవారు ఉన్నారు. అది పొరపాటు. సముద్రపు నీరు రెండు డిగ్రీల లోపు మారితేనే ఇంత పెద్ద హిమానీనదం నడక మారుతుందని అది రుజువు చేసింది.

ఆ మార్పు మన తీరందాకా వస్తుంది. 2002నుంచి ఉపగ్రహాలు కొలిచిన ప్రకారం గ్రీన్‌లాండ్ ఏటా సగటున సుమారు 27 వేల కోట్ల టన్నుల మంచును కోల్పోతోంది. అంత పెద్ద మంచు పలక తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాగి ఉంచుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలుతుంది. బరువు తగ్గిన నేల కూడా పైకి లేస్తుంది. ఫలితంగా గ్రీన్‌లాండ్ మంచు కరిగినకొద్దీ ఇలులిస్సాట్ రేవులో నీటిమట్టం తగ్గుతుంది. అక్కడ వదిలిన నీరు దూరాన, ఉష్ణమండల సముద్రాల్లో ప్రపంచ సగటు కంటే కాస్త ఎక్కువగానే చేరుతుంది. విశాఖ, కాకినాడ, అంతర్వేది ఆ పరిధిలోనే ఉన్నాయి. ఉప్పాడలో ఇళ్లను మింగుతున్న కోతకు స్థానిక కారణాలు చాలానే ఉన్నాయి. వాటికి ఈ నీటిమట్టపు పెరుగుదల తోడవుతుంది.

అంతదూరం వెళ్లలేనివారికి ఒక దారి ఉంది, ముఖ్యంగా బడి పంతుళ్లకు చెబుతున్నాను. 1972నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన చిత్రాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటి లాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క నేలమీద 30 మీటర్లు. వేగంగా పారే రోజుల్లో సెర్మెక్ కుయాల్లెక్ ఒక్కరోజులో అంతకంటే ఎక్కువే జరుగుతుంది. వేర్వేరు ఏళ్ల వేసవి చిత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, హిమానీనదం అంచు ఎంత వెనక్కి వెళ్లిందో పిల్లల చేత స్కేలుతో కొలిపించండి. ఎనిమిదో తరగతి లెక్కలు వస్తే చాలు.